లారీ మీద వచ్చు ఇల్లు

2025 సంక్రాంతి పండుగకు నాలుగు దినములు ముందు మా బావగారి ఇల్లు లారీ మీద వచ్చినది. ఇల్లు లారీ మీద వచ్చుట యేమని శ్రోతలు నవ్వవచ్చును. మేమును మొదట నవ్వితిమి. హనుమకొండలో వారి వీధి మలుపు వద్ద లారీ ఆగెను. దాని వెనుక ఒక క్రేను. లారీ మీద తెల్లని రంగు వేసిన గది. ఆ గదికి తలుపు, కిటికీలు, లోపల వంటగట్టు, దీపములు, పంకా అన్నియు అమర్చియే యున్నవి. తలుపునకు తాళము సైతము వేసి తెచ్చిరి. పిల్లలు లారీ చుట్టును మూగిరి. అరుగుల మీది ముసలివారు లేచి నిలువబడి చూచిరి. కరెంటు తీగలను వెదురు కర్రతో పైకెత్తి పట్టుటకు ఇద్దరు మనుష్యులు, లారీని వెనుకకు నడిపించుటకు ఒకడు, సలహాలు చెప్పుటకు వీధి వీధియంతయు. సాయంకాలమునకు గది నేల దిగినది. ఇల్లు కట్టి చూడుమని చెప్పిన మన పెద్దలు ఇట్టి దినము వచ్చునని తలంచి యుండరు.

ఈ తొందరకు కారణము గలదు. 2023 జూలై వానలు ఈ నగరవాసులు మరచునవి కావు. నాలాలు పొంగి హనుమకొండ పల్లపు వీధులలో నీరు నిలిచెను. భద్రకాళి చెరువు కట్టకు గండి పడెను. మా బావగారి పాత పెంకుటింటి మట్టిగోడ ఆ నీటిలో నాని ఒక రాత్రి కూలినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. నాటి నుండి అద్దె ఇంటిలో కాపురము. ఆయన ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. మేస్త్రీ మొదట చెప్పు లెక్క యొకటి, ఇల్లు ముగియు సరికి తేలు లెక్క మరియొకటి యని ఆయన భయము. నగర శివారునందలి ఒక కార్ఖానావారు 45 దినములలో గది చేసి తెచ్చి దింపెదమని చెప్పి, ధరను కాగితము మీద వ్రాసి యిచ్చిరి. ఆయనకు నచ్చినది ధర కాదు, ఆ వ్రాత.

పర్మిషన్ మాటేమి యని మేము అడిగితిమి.

"ఇది ఇల్లు గాదు బామ్మర్దీ, పెట్టె. పెట్టెకు పర్మిషనేంది? బంగారుపల్లి బడికి ఎవరు పర్మిషన్ అడిగిండ్రు?" అని ఆయన మమ్ము నోరెత్తనీయలేదు.

బంగారుపల్లి సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పవలసి యున్నది. పూర్వపు వరంగల్ జిల్లాలోని తూర్పు అడవులు 2019 నుండి ములుగు జిల్లాలో చేరినవి. అందు కన్నాయిగూడెం మండలమున బంగారుపల్లి యను చిన్న గూడెము గలదు. అక్కడ బడి గుడిసెలో నడచుచుండెను. అది అటవీ భూమి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము ననుసరించి అట్టి భూమిని వేరొక ప్రయోజనమునకు వాడుటకు కేంద్ర ప్రభుత్వపు ముందస్తు ఆమోదము కావలయును. పక్కా భవనమునకు అనుమతి లభింపలేదు. అంతట 2024 సెప్టెంబరులో ఒక కంటైనర్ గదిని తెచ్చి నిలిపి, దానినే బడిగా ప్రారంభించిరి. ఆ ప్రాంతపు శాసనసభ్యురాలును మంత్రియు నగు సీతక్కగారు దానిని ప్రారంభించిరి. అదే సంవత్సరము తాడ్వాయి మండలము పోచాపూర్‌లో ఆరోగ్య ఉపకేంద్రమును ఇటువంటి గదిలోనే తెరచిరి. వానకాలములో కురియు గుడిసె క్రింద పలక పట్టుకొని కూర్చున్న పిల్లలకు కప్పు దొరికినది. జ్వరము వచ్చిన తల్లికి అడవి దాటి పోకుండ మందు దొరికినది. దీనిని మేము మనసారా మెచ్చుకొందుము.

అయితే బావగారు దీని నుండి తీసిన సారాంశము సరియైనది కాదు. ఆ గది అడవిలో నిలిచినది ఎవరిని అడుగకుండుట వలన కాదు. పక్కా భవనమునకు వీలు లేదని తేలిన పిదప, శాశ్వతమైన పునాది లేకుండ, అవసరమైనచో ఎత్తి తీసికొనిపోదగిన దానిని ప్రభుత్వమే తెచ్చి పెట్టినది. నలుగురెరుగ జరిగిన పని అది. ఒక గృహస్థుడు తన స్థలములో రాత్రికి రాత్రి గది దింపుకొనుట వేరు.

చట్టము దృష్టిలో భవనమనగా నేమి? ఇటుకలతో కట్టినదే భవనమని మనలో చాలమంది భ్రమ. 1955 నాటి హైదరాబాదు నగరపాలక చట్టము చూడుడు. ఇల్లు, కొట్టము, షెడ్డు, గుడిసె, గోడ, కంచె అన్నియు అందులో భవనములే. అవి ఇటుకవైనను, కర్రవైనను, మట్టివైనను, లోహపువైనను, మరియే వస్తువుతో చేసినవైనను సరియే. జాతీయ భవన నిర్మాణ నియమావళియు ఇట్లే చెప్పుచున్నది. మనుష్యులు నివసించినను, నివసింపకున్నను కట్టడము భవనమే యగును. దానిలో ఒక మినహాయింపు గలదు. ఉత్సవములకును, శుభకార్యములకును అనుమతితో తాత్కాలికముగా వేసికొను డేరాలు, షామియానాలు, టార్పాలిన్ పందిళ్ళు భవనములు కావు. పెండ్లిపందిరికి ఆ గౌరవము దక్కినది. తలుపునకు తాళము, లోపల వంటగట్టు గల గదిని పెండ్లిపందిరి యని యెవరిని నమ్మింపగలము?

ఇంతకును అనుమతి యడుగు ప్రశ్నలలో ముఖ్యమైనవి గోడను గురించినవి కావు, నేలను గురించినవి. గది ఎక్కడ పుట్టినదను మాటతో పురపాలక సంస్థకు పని లేదు. అది ఎక్కడ నిలుచుచున్నది? రోడ్డు నుండి ఎంత దూరము? ప్రక్కవాని గోడకు ఎంత ఎడము? 2012 ఏప్రిల్‌లో వెలువడిన భవన నిర్మాణ నియమములు, అనగా 168వ నెంబరు ప్రభుత్వ ఉత్తర్వు, నీటిని గూర్చి ప్రత్యేకముగా చెప్పినవి. 10 హెక్టార్లు గాని అంతకు మించి గాని విస్తీర్ణము గల చెరువు హద్దు నుండి 30 మీటర్లు, అంతకు చిన్న చెరువులు కుంటల నుండి 9 మీటర్లు, చిన్న నాలాల హద్దు నుండి 2 మీటర్లు విడువవలయును. కాకతీయులు త్రవ్వించిన చెరువుల నడుమ బ్రదుకు ఊరు మనది. ఇచ్చట ఈ కొలతలు పుస్తకములోని మాటలు కావని 2023లో నీరే వచ్చి చెప్పి పోయినది.

వరంగల్‌లో మరియొక చిక్కు గలదు. రాతికోటలోని తోరణముల చెంతను, హనుమకొండ వేయిస్తంభముల గుడి చెంతను స్థలములున్నవారు దీనిని గమనింపవలయును. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో నున్న కట్టడమునకు చుట్టును 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణము నిషిద్ధము. దానికి ఆవల మరి 200 మీటర్లు నియంత్రిత ప్రదేశము. అచ్చట పురపాలక సంస్థ అనుమతి కాక వేరుగా మరియొక అనుమతి పొందవలయును. 1958 నాటి చట్టమునకు 2010లో చేసిన సవరణ ఇది. నిర్మాణమనగా ఆ చట్టములో ఏ కట్టడమునైనను నిలుపుట యని అర్థము. బోల్టులు బిగించి నిలిపినను నిలుపుటయే.

ఊరి వెలుపల వ్యవసాయ భూములలో ఇప్పుడు ఇట్టి గదులు పుట్టగొడుగులవలె మొలచుచున్నవి. చేను గట్టున మోటారు పెట్టుకొనుటకును, కాపలావాడు పండుకొనుటకును గది వేసికొనుట వేరు; దానిని విడిది గృహముగా మార్చి సకుటుంబముగా వారాంతములలో దిగుట వేరు. రెండవ దానికి భూమిని వ్యవసాయేతర ప్రయోజనమునకు మార్పించుకొనవలయును. జనులు దీనిని నాలా కన్వర్షన్ అందురు. కాలువ నాలాకును ఈ నాలాకును పేరు మాత్రమే కలిసినది. అమ్మువారు ఈ సంగతి చెప్పరు. గదితో బాటు పర్మిషన్ కూడ లారీలోనే వచ్చునన్నట్లు మాటలాడుదురు.

ఇక గది కొలతల విషయము. ఓడలలో సరకు తెచ్చిన పాత కంటైనర్‌ను కొని ఇల్లుగా మార్చుకొనవచ్చునని కొందరి ఆశ. ఆ పెట్టె వెడల్పు 8 అడుగులు, పొడవు 20 గాని 40 గాని అడుగులు, ఎత్తు సామాన్యముగా ఎనిమిదిన్నర అడుగులు. లోపలి కొలత తీసినచో వెడల్పు సుమారు 2.35 మీటర్లు, ఎత్తు 2.39 మీటర్లు మాత్రమే తేలును. నివాసపు గదికి కనీసము 2.4 మీటర్ల వెడల్పు, 2.75 మీటర్ల ఎత్తు ఉండవలెనని జాతీయ నియమావళి చెప్పుచున్నది. శీతలీకరణ యంత్రము గల గదికి ఎత్తు 2.4 మీటర్లకు తగ్గించినది. అనగా ఆ పెట్టె దేనికిని సరిపోదు. ఎండ తాకిడి తగ్గించుటకు లోపల దూది వంటి పొరయు, దానిపై పలకయు బిగింపగా ఆ కొలత ఇంకను తగ్గును. సరకునకు చాలిన ఎత్తు మనిషికి చాలదు. మే నెలలో ఓరుగల్లు ఎండ క్రింద రేకుల పెట్టెలో ఒక మధ్యాహ్నము గడపినవారికి ఈ నియమము ఏల పుట్టెనో వివరింప నక్కరలేదు. కార్ఖానాలో కొత్తగా చేయించుకొన్న గదికి ఎత్తు మన యిష్టము. ఆ జాతీయ నియమావళి తనంత తాను శాసనము కాదు. స్థానిక నియమములు దానిని చేపట్టినంత మేరకు చెల్లును. అయినను కొలతల విషయమున దానిని పట్టుకొన్నవాడు చెడడు.

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న ఇంకొకటి. ఇటుకల ఇల్లు మన కన్నుల యెదుట లేచును. సిమెంటు పాలు తక్కువైనచో మేస్త్రీని నిలదీయవచ్చును. స్లాబు వేయు దినమున కమ్మి లెక్క పెట్టవచ్చును. కార్ఖానా గది మూసిన పుస్తకమువలె వచ్చును. గోడలో ఏమున్నదో, తీగలు ఎట్లు పోయినవో, కప్పును గోడకు పట్టి యుంచినది ఎన్ని బోల్టులో పైకి తెలియదు. అందువలన పరీక్ష కార్ఖానాలోనే జరుగవలయును. అమెరికా దేశములో 1976 జూన్ నుండి కార్ఖానాలో చేసిన ఒక తరగతి గృహములకు జాతీయ నియమావళి వర్తించుచున్నది. తయారగుచున్నప్పుడే పరీక్షించి, గృహపు ప్రతి భాగమునకు వెలుపల ఎర్రని లోహపు రేకు నొకటి బిగింతురు. కొనువాడు ఆ రేకును చూచి కొనును. మన దేశములో అట్టి రేకు నిర్బంధము లేదు. కొత్త నిర్మాణ పద్ధతులను పరీక్షించి యోగ్యతాపత్రములిచ్చు సంస్థ యొకటి గలదు. భవన సామగ్రి, సాంకేతిక అభివృద్ధి మండలి యని దానిని చెప్పవచ్చును, బీఎంటీపీసీ అనిన ఇంజనీర్లకు తెలియును. 1990లో ఏర్పడినది. మీకు అమ్ముచున్న పద్ధతికి ఆ పత్రమున్నదా యని అడుగుటకు మొగమోట పడవలదు.

అతుకుల మాట చెప్పక విడువరాదు. 1968 మే నెలలో లండన్ నగరమున రోనన్ పాయింట్ అను 22 అంతస్తుల భవనములో ఒక వేకువ జామున గ్యాసు ప్రేలెను. ఆ భవనము కార్ఖానాలో చేసిన కాంక్రీటు పలకలను పేర్చి కట్టినది. ప్రేలుడు చిన్నదే. కాని ఒక గోడపలక తొలగుటతో దాని పైవి క్రిందికి, క్రిందివి మరింత క్రిందికి, ఒక మూల మూలయంతయు పేకమేడవలె జారిపోయినది. నలుగురు మరణించిరి. పలకలు గట్టివే, వానిని కలుపు కట్టు గట్టిది కాదు. ఆ పిదప పలకల ఇండ్లకు కట్లు ఎట్లుండవలెనో నియమములు వ్రాసికొనిరి. మన జాతీయ నియమావళిలో సైతము ఇట్టి నిర్మాణములకు ప్రత్యేక భాగము గలదు.

మన దేశపు మొదటి అనుభవమును మరువరాదు. దేశ విభజన పిదప కాందిశీకులకు త్వరగా ఇండ్లు కట్టవలెనని ఢిల్లీలోని జంగ్‌పురాలో ప్రభుత్వము ఒక గృహ నిర్మాణ కార్ఖానాను స్థాపించినది. గోడపలకలు బీటలు వారినవి, పార్లమెంటులో ప్రశ్నలు లేచినవి, ఇండ్లు అనుకొన్నట్లు రాలేదు. 1953లో అదే హిందూస్థాన్ హౌసింగ్ ఫ్యాక్టరీ యైనది. దానికి బహుకాలము తరువాత 2021 జనవరి 1న ఆరు నగరములలో కొత్త పద్ధతుల ఇండ్లకు శంకుస్థాపన జరిగినది. చెన్నైలో కాంక్రీటు పలకలతో 1152 ఇండ్లు, రాంచీలో పూర్తి గదులనే కార్ఖానాలో పోతపోసి తెచ్చి పేర్చు పద్ధతిలో 1008 ఇండ్లు తలపెట్టిరి. పెద్ద పని యగుట చేత వాటి వెంట ఇంజనీర్ల దండు ఉండును. మా బావగారి వెంట ఉన్నది మేమే.

ముక్కలుగా తెచ్చి కలుపుట ఓరుగల్లునకు కొత్త విద్య యనుకొనరాదు. వేయిస్తంభముల గుడి యెదుటి కల్యాణమండపమును క్రుంగుచున్నదని 2006లో రాళ్ళకు అంకెలు వేసి విప్పిరి. ఇసుక పునాదిని మరల సిద్ధము చేసి, రాయి వెంట రాయి కూర్చి, 2024 మార్చిలో శివరాత్రినాడు తెరచిరి. విప్పినవారికి నేర్పిన పాఠము ఒకటే: రాళ్ళకు తప్పు లేదు, క్రింది నేల కదలినది. మా బావగారి గదికిని ఇదే వర్తించును. కార్ఖానావారి పటము ఏ స్థలమునకైనను ఒకటే. పునాది మాత్రము ఆ స్థలమునకే చెందినది. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొను నేల. నాలుగు దిమ్మెల మీద గదిని నిలిపినప్పుడు ఒక దిమ్మె అంగుళము క్రుంగినను తలుపు పట్టుకొనును, పైకప్పు అతుకు విచ్చుకొని వాన లోపలికి వచ్చును. 2024 డిసెంబరు 4వ తేదీ ఉదయము ములుగు ప్రాంతమున 5.3 పరిమాణముతో భూమి కంపించినప్పుడు ఇచ్చటి ఇండ్లలో గిన్నెలు కదలినవి. తేలిక గది భూకంపమునకు భయపడవలసినది తక్కువ. కాని దిమ్మెలకు బిగింపక ఊరక పెట్టిన గది గాలివానకు గూడ కదలును. ఇనుపగోడల గదికి భూమిలోనికి ఎర్తింగు తప్పక ఉండవలయును. తీగ పొర చిట్లినచో గోడయే షాకు కొట్టును.

ఇంతకును అనుమతి పొందుట అంత కష్టమా? మునుపటి యంత కాదు. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టము 75 చదరపు గజముల లోపు స్థలములో చిన్న ఇంటికి అనుమతియే అక్కరలేదన్నది. పేరు నమోదు చేసికొని ఒక రూపాయి చెల్లించిన చాలును. 600 చదరపు గజముల వరకు, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని తానే సత్యమని ప్రకటించి వెంటనే అనుమతి పొందు ఏర్పాటు చేసినది. 2025లో దరఖాస్తులకు బిల్డ్‌నౌ అను కొత్త వేదిక వచ్చినది. పని సులభమైన కొలది బాధ్యత యజమాని నెత్తిన పడినది. పూర్వము అధికారి కొలచి తప్పు పట్టెడివాడు. ఇప్పుడు మనమే కొలచి, మనమే సంతకము పెట్టి, తప్పయినచో మనమే అనుభవింతుము. తప్పుడు ప్రకటనతో లేపిన కట్టడమును నోటీసు లేకయే తొలగింపవచ్చునని ఆ చట్టములోనే యున్నది.

మా బావగారి స్థలము 120 గజములు. ఆయన ప్రకటనయు చేయలేదు. గది దిగిన మూడవ వారమున ఇద్దరు ఉద్యోగులు టేపు పట్టుకొని వచ్చిరి. మర్యాదగానే మాటలాడిరి. గది వెనుకటి మూల నాలా హద్దుకు ఒకటిన్నర మీటరు దూరములో నున్నది. అర మీటరు తక్కువ. బావగారు మొదట కోపగించిరి, తరువాత బంగారుపల్లి కథ చెప్పిరి, ఆ పిదప కుర్చీలో కూర్చుండి మంచినీళ్ళడిగిరి. నీటికి ఒక ఇల్లు పోగొట్టుకొనిన మనిషి మరల నీటి దారిలోనే గది పెట్టుకొనెనని ఎవరును ఆయనతో అనలేదు. ఆయనే అనుకొనిరని మాకు తోచినది.

ఇటుక గోడ యైనచో గడ్డపార పని పడెడిది. ఇది పెట్టె, ఆయన మాట అంతవరకు నిజమైనది. లైసెన్సు గల ఇంజనీరు వచ్చి స్థలము కొలచి, నాలా వైపు రెండు మీటర్లకు పైగా విడిచి, ముందు వైపు రోడ్డునకు విడువవలసినదియు చూచి పటము గీసినాడు. కొత్త దిమ్మెలు లేచినవి. కాగితము చేతికి వచ్చిన పిదప క్రేను మరల వచ్చినది. పాత దిమ్మెలు, అంతకు ముందే త్రవ్వించి కట్టించిన సెప్టిక్ ట్యాంకు మాత్రము క్రేనునకు లేవవు గదా. ట్యాంకును మట్టితో పూడ్చి వేరొక చోట త్రవ్విరి. రెండవసారి క్రేను అద్దె, దిమ్మెలు, ట్యాంకు కలిపి ఆయనకు మూడు నెలల పింఛను పోయినది. కార్ఖానావారు వ్రాసి యిచ్చిన ధర కాగితములో ఇవి యేవియు లేవు.

ఉగాదికి మేము అక్కడనే భోజనము చేసితిమి. గదికి ఇంటి నెంబరు రేకు బిగించియున్నది, మీటరు తిరుగుచున్నది. వెనుక విడిచిన రెండు మీటర్ల నేలలో మా అక్క కరివేపాకు మొక్క నాటినది. చెట్టుకు పర్మిషన్ అక్కరలేదు గదా యని బావగారు మమ్ము అడిగిరి.